రాహుకాలంలో బిగించిన బోల్టులు

మొన్న ఆదివారం మా అపార్ట్‌మెంటు వాట్సాప్ గ్రూపులో సెక్రటరీ గారు ఇంగ్లీషులో ఒక సందేశం పెట్టారు. కింద కార్లు నిలిపే చోట ఎవరూ బండి రిపేర్లు చేసుకోకూడదట, నేల మీద నూనె మరకలు పడుతున్నాయట, పైగా పెద్ద వయసు వాళ్లు కార్ల కిందికి దూరితే జరగరానిది జరిగినప్పుడు జవాబు చెప్పేదెవరట. పేరు రాయలేదు గానీ, పురసవాక్కంలో మా అపార్ట్‌మెంటు మొత్తానికి అరవై దాటి కారు కింద పడుకునే ఆడమనిషిని నేనొక్కదాన్నే కాబట్టి ఆయన పేరు రాయాల్సిన అవసరం కూడా లేదు. నేను ఊరుకునే రకాన్నా? నూనె మరక నేనే తుడిచాను, దిగి వచ్చి చూసుకోండి, ఇంకా రెండు చక్రాల పని మిగిలి ఉంది, అది వచ్చే ఆదివారం చేస్తాను, అని శుభ్రంగా తెలుగులో టైపు చేసి పెట్టాను. ఆయనకు తెలుగు మాట్లాడటం వచ్చు గానీ చదవడం రాదు. ఎవరి చేతనో చదివించుకుని ఉంటారు, అప్పటి నుంచి లిఫ్టులో కనిపిస్తే పైన అంకెల వైపు చూస్తున్నారు.

ఇంతకీ నేను చేస్తున్న ఘోరం ఏమిటంటే, నా పాత చిన్న కారుకు ఆన్‌లైన్‌లో చౌకగా దొరికిన షాక్ అబ్జార్బర్లు తెప్పించుకుని నా చేత్తో నేనే వేసుకుంటున్నాను. వర్క్‌షాపు వాళ్లు వాటిని చూసి ముఖం చిట్లించారు, ఇవి వేస్తే నెల తిరక్కుండా మూలుగుతాయి మేడమ్ అన్నారు. వాళ్లకు తెలియదు, నేను చౌక సరుకు మూలుగులు వింటూ పెరిగిన దాన్ని. చౌక సరుకులో తయారు చేసిన వాడు చెయ్యకుండా వదిలేసిన పని కొంత మిగిలి ఉంటుంది, ఆ పని ఓపికగా మనం పూర్తి చేసుకుంటే అదీ మర్యాదగానే మోస్తుంది. ఈ మాట నాకు ఎవరో చెప్పింది కాదు, మద్రాసు ఇంకా చెన్నై కాని రోజుల్లో, చూలైలో మా వీధి నడిబొడ్డున, మే నెల కత్తిరి ఎండల్లో, వీపు కాలుతుండగా నేర్చుకున్నది.

అప్పుడు మేము చూలైలో పెదనాన్న ఇంటి మేడ మీద ఉండేవాళ్లం, అమ్మా అక్కా నేనూ. తరాల కిందట వచ్చి ఆ ఊళ్లో పాతుకుపోయిన కుటుంబం మాది, ఇంట్లో తెలుగు, గడప దాటితే అరవం. నాన్న మా చిన్నతనంలోనే పోయారు కాబట్టి ఆ ఇంట్లో పెదనాన్న మాటే మాట. కింద ఆయన కాగితాల కొట్టు, చుట్టుపక్కల అచ్చు ప్రెస్సులకు కాగితం కోసి ఇచ్చేవారు. రోజంతా కత్తెర మిషను చప్పుడు, దాని మీద పెదనాన్న గొంతు, ఆ రెండూ ఆగితే ఆదివారం వచ్చిందని మాకు తెలిసేది.

అక్క మాధవరంలో ఒక బడిలో తెలుగు టీచరు. పాల కాలనీ వైపు అప్పట్లో తెలుగు కుటుంబాలు బాగానే ఉండేవి, ఆ పిల్లల కోసం ఆ బడిలో ఒక తెలుగు సెక్షను ఉండేది, దానికి మిగిలిన ఒకే ఒక్క టీచరు మా అక్క. ఆ వేసవిలో నీళ్ల కరువు, మన ఈడు వాళ్లకు చెప్పాలా, వీధి చివర లారీ హారను వినపడగానే ప్లాస్టిక్ బిందెలు పట్టుకుని పరుగులు. అలా నిండు బిందె నడుముకు ఎత్తుకుని మేడ మెట్లెక్కుతూ అక్క జారింది. బిందె పోతే పోయింది, వెన్ను పట్టేసింది. లోపల ఎముకల మధ్య గుజ్జు పక్కకు తొలిగింది, ఆపరేషను అక్కరలేదు గానీ మంచం మీద కదలకుండా ఉండాలి, లేచాక కూడా కుదుపులు తగలకూడదు అన్నారు డాక్టరు గారు. బస్సు వద్దు, ఆటో అసలే వద్దు. ఆ రోజుల్లో పెరంబూరు మీదుగా మాధవరం వెళ్లే రోడ్డు ఎలా ఉండేదో గుర్తున్న వాళ్లకు ఆ మాటకు అర్థం తెలుస్తుంది, కుదుపులు తగలకుండా మాధవరం వెళ్లడమంటే తడవకుండా సముద్రంలో స్నానం చెయ్యడమే.

బడి హెడ్‌మిస్ట్రెస్సు గారు చెడ్డ మనిషి కాదు, ఇంటికి వచ్చి అక్కను చూసి, నారింజ పళ్లు పెట్టి, ఆ తరవాతే అసలు మాట చెప్పారు. జూన్‌లో బడి తెరిచే రోజున తెలుగు టీచరు తరగతిలో ఉండాలి, లేకపోతే ఆ సెక్షను ఎత్తేసి పిల్లలందరినీ తమిళ తరగతుల్లో కలిపెయ్యమని మేనేజిమెంటు వాళ్లు ఎప్పటి నుంచో కాచుకుని ఉన్నారు, తను ఇక ఆపలేదట. ఆవిడ వెళ్లాక అక్క పైకప్పు వైపు చూస్తూ పడుకుంది. తరవాత నన్ను పిలిచి, "ఏమైనా చెయ్యవే. ఆ పిల్లకాయలు పోతే నేను ఈ మంచంలోనే ఉండిపోతా" అంది. నొప్పికి కూడా కంట తడి పెట్టని మనిషి, ఆ మాట అంటూ ముఖం గోడ వైపు తిప్పుకుంది. నాకు ఆ క్షణంలో డాక్టరు మీద, రోడ్డు మీద, మేనేజిమెంటు మీద, నీళ్ల లారీ మీద, అందరి మీదా ఒళ్లు మండిపోయింది.

మా ఇంటి ముందు పెదనాన్న పాత కారు ఒకటి ఉండేది, పెట్టె లాంటి ఒళ్లు, గుండ్రటి దీపాలు, ఆ కాలంలో ఊరంతా తిరిగిన రకమే. అందులో మనుషులకంటే కాగితం కట్టలే ఎక్కువ ప్రయాణం చేశాయి. ఆ బరువుకు వెనక కమాన్లు, అంటే ఒకదాని మీద ఒకటి పేర్చిన ఇనప పట్టీలు, తుప్పు పట్టి ఒకదానికొకటి అతుక్కుపోయాయి. షాక్ అబ్జార్బర్లు ఎప్పుడో ప్రాణం విడిచాయి. గుంటలో పడితే ఎముకలు పలికేవి. ఆ కారును నేను బాగు చేసి అందులో అక్కను మాధవరం తీసుకెళ్తానంటే పెదనాన్న నవ్వి, నీ చేతనైతే చేసుకో అన్నారు. నా చేత కాదనే నమ్మకంతోనే అన్నారు. ఆ నవ్వు నాకు ఇప్పటికీ గుర్తే.

నాకు కారు నడపడం వచ్చు, పురసవాక్కంలో డ్రైవింగు స్కూలుకు వెళ్లి నేర్చుకున్నాను. దాని కడుపులో ఏముందో కూడా కొంత తెలుసు. అప్పుడు నేను మౌంట్ రోడ్డు దగ్గర ఒక మోటారు విడిభాగాల షాపులో బిల్లులు రాసే ఉద్యోగం చేస్తున్నాను. అక్కడ చదువు చెప్పేవాళ్లు ఎవరూ లేరు గానీ తిట్లు తిట్టేవాళ్లు బోలెడంత మంది. కొన్న వస్తువు వెనక్కి తెచ్చి బల్ల మీద పడేసి, ఇది ఇలా అయింది, అది అలా విరిగింది అని అరవంలో, తెలుగులో, ఉర్దూలో తిట్టే ప్రతి మనిషి మాటా నేను బిల్లు రాస్తూ చెవిన వేసుకునేదాన్ని. ఎవరి రబ్బరు బుష్ ఎందుకు ఉబ్బిందో, ఎవరి షాక్ అబ్జార్బరు కొత్తగా వేసిన రోజే ఎందుకు డభ డభ కొట్టిందో, ఒకరు చెప్పింది ఇంకొకరు చెప్పిందానితో కలిపి చూస్తే కారణం తెలిసిపోయేది. తిట్టేవాళ్లు ఎంత చక్కగా పాఠం చెబుతారో కాలేజీలకు తెలియదు.

అసలు కంపెనీ సరుకు నా జీతానికి అందేది కాదు. మా షాపులోనే అడుగు అరలో పడి ఉండే చౌక రకం షాక్ అబ్జార్బర్లు నాలుగు, వాటితో పాటు రబ్బరు బుష్‌లు, అంటే ఇనుముకు ఇనుము తగలకుండా బోల్టు చుట్టూ కూర్చునే రబ్బరు గొట్టాలు, తెచ్చుకున్నాను. ముదలాళి, అదే మా యజమాని, ఇవి వెనక్కి తెస్తే తీసుకోనమ్మా అని ముందే చెప్పాడు. తేనులే అన్నాను. మెకానిక్కులను అడిగితే ఒకడు ఈ సరుకు ముట్టుకోనన్నాడు, ఇంకొకడు ముట్టుకుంటాను గానీ ఆడవాళ్లు పక్కన నిలబడి ప్రశ్నలు అడగకూడదన్నాడు. సరే పోండి అని జాకీలు అద్దెకు తెచ్చుకుని నేనే మొదలుపెట్టాను.

ఆ షాక్ అబ్జార్బర్లను షాపులో అడ్డంగా పడుకోబెట్టి పేరుస్తారు. అలా నెలల తరబడి పడుకుంటే లోపల నూనె ఉండాల్సిన చోటికి గాలి చేరుతుంది. నేను వాటిని ఒక్కొక్కటిగా వంటింట్లో నిటారుగా నిలబెట్టి మెల్లగా లాగుతూ నొక్కుతూ, మధ్యలో చేతికి తగిలే ఆ బోలుతనం పూర్తిగా పోయేదాకా వదల్లేదు. చూసి చూసి అమ్మ వచ్చి, "ఇటియ్, నీకు రోకలి పట్టేది యాడ తెలుసు" అని లాక్కుని నాకంటే బాగా నొక్కింది. రబ్బరు బుష్‌లకు గ్రీజు పూస్తే ఉబ్బి పాడవుతాయని తిట్లలో విని ఉన్నాను కాబట్టి, అక్క తలకు పెట్టే ఆముదం తెచ్చి వాటికి పట్టించాను, కిర్రుమనకుండా మెత్తగా కూర్చున్నాయి. కారు పైకి లేపితే కమాన్ల పట్టీల మధ్య సన్నటి సందు వచ్చేది, అందులోని తుప్పు గీకి, దోసెలు తిప్పే అట్లకాడతో గ్రీజు లోపలికంటా తోశాను. ఆ అట్లకాడ సంగతి తెలిసినప్పుడు అమ్మ నన్ను ఏమందో ఇక్కడ రాయను. దుమ్ము పడి మళ్లీ తుప్పు పట్టకుండా అమ్మ పాత వెంకటగిరి చీర చింపి, గ్రీజులో తడిపి, కమాన్లకు కట్టు కట్టినట్టు చుట్టి, సైకిల్ ట్యూబు ముక్కలతో బిగించాను. జరీ అంచు మాత్రం అమ్మ కోసి దాచుకుంది.

వీధి ఊరుకుంటుందా? పని లేని వాళ్లు కుర్చీలు వేసుకుని కూర్చున్నంత పని చేశారు. ఎదురింటావిడ పెళ్లి కావాల్సిన పిల్ల అలా నడివీధిలో వెల్లకిలా పడుకోవడమేమిటని పెద్దమ్మ దగ్గర బుగ్గలు నొక్కుకుంది. పెదనాన్న కొట్టులోంచి తల బయట పెట్టి, "ఏమ్మే, నాలుగు వీధుల వాళ్లూ చూస్తా ఉండారు, లేచి లోపలికి పో" అనేవారు. నేను కారు కింద నుంచే, "చూడనీండి పెదనాన్నా, చూస్తే నేర్చుకుంటారు" అనేదాన్ని. సల్వారు నిండా గ్రీజు, జుట్టులో మట్టి, చేతుల మీద కాలిన మచ్చలు. ఒక్కసారి కూడా సిగ్గనిపించలేదు. సిగ్గుపడాల్సింది ఉంటే, వెన్ను పట్టేసిన మనిషిని ఇంట్లో కూర్చోమని చెప్పడానికి అంత సులువుగా నోరు వచ్చిన వాళ్లు పడాలి.

మే నెల చివరి ఆదివారానికి పని కొలిక్కి వచ్చింది. కారు నాలుగు దిమ్మల మీద పైకి లేచి ఉంది, చక్రాలు గాలిలో వేలాడుతున్నాయి, ఇరుసును పట్టి ఉంచే బోల్టులు, బుష్‌ల బోల్టులు అన్నీ పెట్టి బిగించడం ఒక్కటే తరువాయి. అప్పుడు అమ్మకు రాహుకాలం గుర్తొచ్చింది. ఆదివారం సాయంత్రం నాలుగున్నరకు రాహుకాలం మొదలు, అది వచ్చాక బండికి బోల్టు బిగిస్తే ఆ బండి అచ్చిరాదు, వెన్ను నొప్పి మనిషి ఎక్కే బండి, ఆ లోపలే అయిపోవాలి అని అమ్మ మెట్ల మీద నిలబడి ఒకటే తొందర. పక్కన పెద్దమ్మ. కొట్టులోంచి పెదనాన్న గడియారం చూసి టైము చెబుతూ ఉన్నారు. ముగ్గురి నస భరించలేక, కారును దించకుండానే, ఎలా వేలాడుతున్న చక్రాలను అలాగే ఉంచి, కింద పడుకుని, బోల్టులన్నీ గట్టిగా బిగించేశాను. నాలుగున్నరకు చేతులు కడుక్కున్నాను. అందరూ సంతోషించారు.

మర్నాడు పొద్దున అక్కను దిండ్ల మధ్య వెనక సీట్లో కూర్చోబెట్టుకుని, పక్కన అమ్మ, పెరంబూరు దాకా వెళ్లి చూద్దామని బయలుదేరాను. వీధి మలుపు తిరగకముందే నాకు తెలిసిపోయింది. మునుపటికంటే ఘోరంగా ఉంది. చిన్న రాయి ఎక్కినా కారు ఎగిరి తన్నుతోంది. అద్దంలో చూస్తే అక్క పైట చెంగు నోట్లో కుక్కుకుని కళ్లు మూసుకుని ఉంది. వెనక్కి తిప్పాను. మేడ మీదికి ఎక్కించడానికి ఇద్దరు మోయాల్సి వచ్చింది.

పెదనాన్న తిట్టలేదు, తిట్టి ఉంటే బాగుండేది. "చెప్పినా గదా. ఇంక అది ఆడ పెట్టేసి నీ పని చూసుకో. బడి తెరిచే రోజు నేనే మాధవరం పొయ్యి, బిడ్డ ఇంక రాదని చెప్పేసి వస్తా" అన్నారు. ఆయన మనసులో అక్క మీద ప్రేమే ఉంది, నాకు తెలుసు, కానీ ఆ ప్రేమ అక్కను మంచానికి కట్టేసే రకం ప్రేమ. అమ్మ కూడా తల వంచుకుని సరే అంది. ఆ వారం నేను షాపులో తప్పుడు బిల్లులు రాశాను, ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చుని లేచిపోయాను. ఎక్కడ తప్పు జరిగిందో తెలియడం లేదు. చేసిన ప్రతి పనీ సరైనదే, అన్నీ కలిపితే నరకం.

బడి తెరవడానికి ముందు రోజు సాయంత్రం అక్క పక్కన కూర్చుని, అసలు ఎక్కడ ఎలా తగిలిందో చెప్పమన్నాను. ఆ వెన్ను కంటే మంచి కొలబద్ద ఊళ్లో ఇంకేముంది? అక్క కళ్లు మూసుకుని ఆలోచించి, "గుంటలో పడినప్పుడు కాదే. పడినాక కింద నుంచి ఎవురో తోసినట్టు పైకి తన్నతా ఉండాది, ఊరికే ఉండనీదు" అంది. అప్పుడే అమ్మ ఉతికిన దుప్పటి పిండుతూ, తనకు తోచినట్టు, ఆ కారు ఇప్పుడు ఎక్కేదానికి ఎత్తయింది, మునుపు ఇంత కాలు లేపే పని లేదు గదా అంది. నేను అమ్మ చేతుల్లోని దుప్పటి వైపు చూశాను. ఒక చివర గట్టిగా పట్టి ఇంకో చివర తిప్పుతోంది. లేచి మెట్లు దిగి పరిగెత్తాను.

చక్రాలు వేలాడుతున్నప్పుడు బోల్టులు బిగించానా, రబ్బరు బుష్‌లు ఆ వేలాడే భంగిమలోనే పట్టుబడిపోయాయి. ఆ తరవాత కారును నేల మీద దించితే బరువుకు చక్రాలు పైకి రావాలి, రబ్బరేమో కదలనంటుంది, పిండిన దుప్పటిలా మెలికపడి, ప్రతి గుంట దగ్గరా తన పాత చోటికి పోవాలని కారును పైకి తన్నుతుంది. నేల మీద ఉండగానే కిందికి దూరి ఒక్కొక్క బోల్టు సడలించాను. మూడోదో నాలుగోదో వదులు కాగానే టక్కుమని చప్పుడయి, కారు నిట్టూర్చినట్టు కిందికి దిగి సర్దుకుని కూర్చుంది. నేను ఆ కారు కిందే పడుకుని నవ్వానో ఏడ్చానో నాకే తెలియదు. ఇక చెయ్యాల్సింది ఒక్కటే, కారులో మనుషుల బరువు ఉండగా, చక్రాలు నేలను ఆనుకుని ఉండగా మళ్లీ బిగించాలి. అప్పటికి చీకటి పడింది.

తెల్లవారితే సోమవారం, బడి తెరిచే రోజు. పొద్దున్నే చక్రాలను మందపాటి చెక్కల మీదికి ఎక్కించి కింద దూరే చోటు చేసుకున్నాను. సోమవారం రాహుకాలం ఏడున్నర నుంచి తొమ్మిది. పెదనాన్న ఇస్త్రీ చొక్కా వేసుకుని, విభూతి పెట్టుకుని, ఆ కారులోనే మాధవరం వెళ్లి సంగతి చెప్పి రావాలని కిందికి దిగారు గానీ, అప్పటికే ఏడున్నర దాటింది, తొమ్మిది దాకా ఆయన అడుగు బయట పెట్టరు. నేను ముందు తలుపు తీసి, మీరు ఎలాగూ తొమ్మిది దాకా బయలుదేరరు కదా, చుమ్మా, ఊరికే ఇందులో కూర్చోండి పెదనాన్నా అన్నాను. ఎందుకన్నారు. బరువుకు అన్నాను. అప్పటికే అమ్మ వెనక సీట్లో ఎక్కి, ఒళ్లో బియ్యం మూట పెట్టుకుని కూర్చుంది. రాహుకాలంలో బోల్టులు బిగించబోతున్నానని తెలిసి కూడా అమ్మ ఒక్క మాట అనలేదు, పెద్దమ్మను కూడా రమ్మని పిలిచింది. ముగ్గురు పెద్దవాళ్లు కారులో గుడికి వెళ్తున్నట్టు కూర్చుని ఉంటే, వాళ్ల కింద పడుకుని, రాహువు నెత్తిన కూర్చుని ఉండగా, ఒక్కొక్క బోల్టు ఈసారి ప్రాణం పెట్టి బిగించాను.

లేచి చేతులు తుడుచుకుంటుంటే మేడ మెట్ల మీద అలికిడి. అక్క. నీలం చీర, తలలో మల్లెపూలు, నడుముకు బెల్టు, చేతిలో హాజరు పుస్తకాల సంచి. గోడ పట్టుకుని ఒక్కొక్క మెట్టే దిగి వచ్చింది. పెదనాన్న కారులోంచే, ఏమ్మే నువ్వు యాడికి అన్నారు. "బడికి. జరగండి పెద్దమ్మా" అంది. రాహుకాలం పోలేదని పెదనాన్న మొత్తుకుంటూనే ఉన్నారు. అక్క ఆయన మాట విననట్టే వెనక సీట్లో సర్దుకుని, నాతో, "పోనీ. గంట కొట్టేస్తారు" అంది. నేను పోనిచ్చాను. పెదనాన్నకు దిగే సమయం కూడా దొరకలేదు, ముందు సీట్లో చేతులు జోడించుకుని ఏదో స్తోత్రం గొణగడం మొదలుపెట్టారు.

ఆ ప్రయాణం గురించి ఎవరికి చెప్పినా అర్థం కాదు, ఏమీ జరగని ప్రయాణం అది. బ్యారక్స్ రోడ్డు మీద గతుకులు, పెరంబూరు దగ్గర రైలు వంతెన కింద నీళ్ల గుంట, నేను ప్రతిచోటా అద్దంలో అక్క ముఖం చూస్తూ నడుపుతున్నాను. కారు పడుతోంది, లేస్తోంది, ఒక్కసారికే ఆగుతోంది. మూలకడై దగ్గర లారీలు తొక్కి తొక్కి తవ్వేసిన పెద్ద గొయ్యి తప్పించలేకపోయాను. ముందు చక్రం దిగబడింది. కారు మెత్తగా వంగి, మెత్తగా లేచి, ముందుకు సాగింది. స్తోత్రం ఆగింది. పెదనాన్న వెనక్కి తిరిగి, "నొచ్చిందా?" అని అడిగారు. అక్క కిటికీలోంచి బయటికి చూస్తూ, "దోవ చూడండి పెదనాన్నా, నాకేం కాలేదు" అంది.

బడి గేటు దగ్గర హెడ్‌మిస్ట్రెస్సు గారు నిలబడి ఉన్నారు. అక్క దిగి, పైట సర్దుకుని, మెల్లగా, నిటారుగా లోపలికి నడిచింది. లోపల ఎవరో పిల్లలు టీచర్ టీచర్ అని ఒకటే అరుపు. ఆవిడ పెదనాన్న వైపు తిరిగి, మీరెందుకు శ్రమపడి వచ్చారు అని అడిగారు. అక్క ఇక రాదని చెప్పడానికి ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చిన మనిషి, నేను ఆయన వైపే చూస్తున్నాను, ఒక్క క్షణం గొంతు సవరించుకుని, "బిడ్డని దించేదానికి వచ్చినా" అన్నారు. తిరుగు దారిలో ఆ షాక్ అబ్జార్బర్లు కొట్టు కోసం ఈ మధ్యే కొన్న పాత వ్యానుకు కూడా వెయ్యగలనా అని అడిగారు. వెయ్యనన్నాను. తరవాత వేశాననుకోండి, కానీ ఆ రోజు వెయ్యననే అన్నాను.

ఆ ఏడాదంతా అక్కను దింపి నేను షాపుకు వెళ్లేదాన్ని. మరుసటి ఏడు అక్కే డ్రైవింగు నేర్చుకుంది. ఇంటింటికీ తిరిగి తెలుగు వాళ్ల పిల్లలను పోగు చేసి తరగతిలో కూర్చోబెట్టింది, రాని వాళ్లను వెనక సీట్లో ఎక్కించుకుని తీసుకెళ్లేది. బుష్‌లు అరిగినప్పుడల్లా నేను మార్చేదాన్ని, కారులో జనాన్ని కూర్చోబెట్టి మరీ. ఆ బడిలో తెలుగు సెక్షను అక్క రిటైరయ్యే దాకా నడిచింది. ఆ ఖాళీలో ఇంకొకరిని వెయ్యలేదు.

ఇప్పుడు మాధవరం రోడ్డు అద్దంలా ఉంది, మూలకడై దగ్గర పైవంతెన, ఏ కారయినా ఊయలలా పోతుంది. పోయిన నెల అక్కా నేనూ అటు వెళ్లి బడి దగ్గర ఆగాం. కొత్త కట్టడం, పెద్ద బోర్డు, దాని మీద తెలుగు అక్షరం ఒక్కటీ లేదు. అక్క పాఠం చెప్పిన గదిలో కంప్యూటర్లు ఉన్నాయి. ఇక్కడ తెలుగు క్లాసు ఉండేది అంటే వాచ్‌మన్ నమ్మలేదు, బడి తప్పు వచ్చారేమో చూసుకోండి అని అరవంలో మర్యాదగా చెప్పాడు. మా ఇళ్లలోని మనవలు కూడా మమ్మల్ని అరవంలోనే ఓదారుస్తారు, ఇన్నేళ్లు నడిపారు కదా, అది చాలదా అంటారు.

చాలదు. ఎత్తేద్దామనుకున్న జూన్‌లో వాళ్లు ఎత్తెయ్యలేకపోయారు, అక్క ఆ గేటులోంచి లోపలికి నడిచినన్నాళ్లూ ఎత్తెయ్యలేకపోయారు, అది నాకు గర్వమే. కానీ చాలదు. ఆ గదిలో ఇవాళ కూడా నలుగురు పిల్లలు పద్యం తప్పు చదివి మా అక్క చేత తిట్లు తింటూ ఉండాల్సింది.